గునపం పట్టిన చేతికి నైపుణ్యం లేదన్నదెవరు?

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా మాడుగుల వైపు సాగే రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు వరుసగా నిలబడి ఉంటాయి. జీడితోటల చుట్టూ, జాతీయ రహదారి వెంబడి పుట్టుకొచ్చిన లేఅవుట్ల చుట్టూ కంచె రాళ్లూ అలాగే వరుస తీరి కనిపిస్తాయి. స్థలం గజం ధర ఎంతో మనకు తెలుసు. తీగ ఖరీదు, స్తంభం ఖరీదు అడిగితే చెప్పేవారున్నారు. స్తంభం అడుగున ఉన్న గొయ్యి గురించి మాత్రం ఎవరూ అడగరు. స్తంభం లేచాక గొయ్యి కనబడదు, దానిని తవ్విన మనిషీ కనబడడు. ఈ కనబడకపోవడానికి కారణం కులం. ఆ కులభావనకు కాగితం మీద ఆమోదముద్ర వేసిన చట్టాల భాషకూ అందులో వాటా ఉంది. ఈ రెండో సంగతి మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

ముందు నేల సంగతి చూద్దాం. శారదా నది పరీవాహకంలో చెరకు పండే పల్లపు భూములు మెత్తనివి. అనకాపల్లి బెల్లానికి పేరు తెచ్చింది ఆ నేలే. నాలుగడుగులు పైకి నడిచి గరువు ఎక్కితే కథ మారిపోతుంది. తూర్పు కనుమల శిలలైన ఖొండలైట్, చార్నొకైట్ వేల ఏళ్ల ఎండవానలకు శిథిలమై, పైన ఎర్రటి గ్రావెల్‌గా, లాటరైట్‌గా మారాయి. మొదటి అడుగు పారకు లొంగుతుంది. రెండో అడుగులో కంకర తగులుతుంది. ఆ కింద సగం శిథిలమైన రాయి, దాని నడుమ అసలు చెక్కుచెదరని గుండు ఉంటాయి. ఒక్క గోతిలోనే మూడు నాలుగు రకాల నేల ఎదురవుతుంది. పైనుంచి చూసి కింద ఏముందో చెప్పగలగడం చదువుకున్న ఇంజనీరుకూ అంత సులువు కాదు.

స్తంభం ఎత్తులో సుమారు ఆరో వంతు భూమిలో ఉండాలన్నది విద్యుత్ లైన్ల పనిలో పాటించే లెక్క. పల్లెల్లో వేసే ఎనిమిది, తొమ్మిది మీటర్ల స్తంభానికి మీటరున్నర లోతు, అంటే అయిదడుగుల గొయ్యి కావాలి. ఆ గొయ్యి విశాలంగా ఉండకూడదు. చుట్టూ కదపని నేల ఎంత దగ్గరగా ఉంటే స్తంభం అంత గట్టిగా నిలుస్తుంది. అందువల్ల లోపల ఒక్కరే పని చేయగలరు. నడుము వంచడానికి, చెయ్యి విసరడానికి చోటుండదు. గునపాన్ని నిటారుగా ఎత్తి, దాని బరువుతోనే దించాలి. లోతు పెరిగేకొద్దీ పార ఆడదు. రాలిన రాతిపొడిని చేత్తోనో, చిన్న డబ్బాతోనో తోడి పైకి పోయాలి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గోతిలో గాలి ఆడదు. తగిలిన గుండు కదలకపోతే గొయ్యిని జరపడానికీ వీలుండదు. లైను గీసినవారు సున్నంతో గుర్తు పెట్టిన చోటే స్తంభం లేవాలి.

ఈ పనిని బలంతో చేసేవారు ఒక పూటకే అలసిపోతారు. తెలిసినవారు చేసే తీరు వేరు. గునపం తగిలినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి కింద ఉన్నది పొరల రాయా, గుండా అన్నది పోల్చుకుంటారు. గ్రావెల్ గట్టిదైతే సాయంత్రం గోతిలో నీళ్లు పోసి వదిలేసి, మర్నాడు నానిన నేలను తవ్వుతారు. పొర వాలు ఎటు ఉందో చూసి ఆ వాలుకు ఎదురుగా మొన దించి, రాయి తనంత తాను పెచ్చుగా లేచేలా మెలిపెడతారు. గుండు తగిలితే నడిమిన కొట్టరు, చుట్టూ ఉన్న మెత్తని నేలను ముందు తొలగించి దాని పట్టు సడలగొడతారు. అప్పటికీ లొంగని రాయిని మంట పెట్టి కాచి, చన్నీళ్లు చల్లి పగిలేలా చేయడం పాత పద్ధతి. గునపం మొనకు ఎప్పుడు పదును పెట్టించాలి, ఎంత సాగదీయించాలి అన్నదీ ఇందులో భాగమే. మొన మరీ పలచనైతే విరుగుతుంది, మందమైతే రాయి మీద జారుతుంది. శిలల నిర్మాణం, లోహం స్వభావం, శరీర శక్తిని పొదుపుగా వాడుకోవడం, ఈ మూడూ తెలిసిన విద్య ఇది. దీనికి పాఠ్యపుస్తకం లేదు, సర్టిఫికెట్ అంతకంటే లేదు.

ఇంతటి పనికి మన చట్టం పెట్టిన పేరేమిటి? 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం నైపుణ్యం లేని శారీరక శ్రమను స్పష్టంగా నిర్వచించింది. ఏ నైపుణ్యమూ, ప్రత్యేక శిక్షణా లేకుండా వయోజనులెవరైనా చేయగల పని అన్నది ఆ నిర్వచనం సారాంశం. పేదలకు పని హక్కు కల్పించిన ఆ చట్టం మేలును తక్కువ చేయడం లేదు. తవ్వకం పనులన్నీ ఈ నిర్వచనం కిందికే వచ్చి చేరాయన్నదే ఇక్కడి విషయం. వయోజనులెవరైనా చేయగలరన్న మాట నిజమో కాదో తేల్చుకోవడం కష్టం కాదు. ఆ వాక్యం రాసినవారిలో, ఆమోదించినవారిలో, దాని మీద వ్యాసాలు రాసే నాబోటి ఆచార్యుల్లో ఎందరు గరువు నేలలో ఒక్క స్తంభం గొయ్యిని పూర్తి చేయగలరో చెప్పమంటే సరిపోతుంది. ఎవరైనా చేయగలరన్న మాటకు మన సమాజంలో ఉన్న అసలు అర్థం, ఎవరి చేత చేయించాలో అందరికీ ముందే తెలుసునన్నది.

నిర్వచనం తర్వాత కొలత వస్తుంది. మట్టి పనికి కూలి కట్టేది ఘనపరిమాణాన్ని బట్టి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు ఉన్న గొయ్యి 20 ఘనపుటడుగులు. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు తవ్విన కాలువా 20 ఘనపుటడుగులే. కొలతల పుస్తకంలో రెండూ ఒకటే అంకె. కాలువలో ఇద్దరు ముగ్గురు నిలబడి, చెయ్యి విసిరి, పారతో ఎత్తిపోయవచ్చు. గోతిలో ఒక్కరు మాత్రమే, అదీ ఒంటి కాలి చోటులో నిలబడి పని చేయాలి. ప్రభుత్వ ధరల పట్టికలు మామూలు నేల, గట్టి గ్రావెల్, మెత్తని రాయి, గట్టి రాయి అంటూ నేలకు తరగతులు పెట్టాయి, అది మంచిదే. అయితే ఆ తరగతిని నిర్ణయించేది కొలత తీసే అధికారి, ఆ ధర అందుకునేది కాంట్రాక్టరు. గోతిలోకి దిగేవారితో జరిగే బేరం ‘గోతికి ఇంత’ అన్నదే. కాగితం మీద రాయి రేటు పడినా అది గునపం పట్టిన చేతికి చేరుతుందన్న హామీ ఎక్కడా లేదు. నేలకు నాలుగు తరగతులున్న పట్టికలో తవ్వేవారికి ఉన్నది ఒక్కటే తరగతి.

ఈ తరగతికి కులం పేరు కూడా ఉంది. తెలుగు నేల మీద రాయి, మట్టి పని అనగానే గుర్తుకు వచ్చేది వడ్డెర కులం. రాతి పని చేసేవారు, మట్టి పని చేసేవారు అంటూ అందులో రెండు శాఖలున్నట్లు 1909లో వెలువడిన థర్‌స్టన్ దక్షిణ భారత కులాల సంపుటాలు కూడా నమోదు చేశాయి. పని ఉన్న చోటికి కుటుంబంతో కదిలిపోయే ఈ బతుకును వలస పాలకులు అనుమానంతో చూశారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలు చేసి, సంచార సమూహాలెన్నింటినో పుట్టుకతో నేరస్థులుగా ముద్ర వేశారు. ఆ ముద్ర పడ్డవారిలో వడ్డెరల్లోని కొన్ని సమూహాలూ ఉన్నాయి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. గునపాన్ని పనిముట్టుగా కాక ఇంటికి కన్నం వేసే సాధనంగా చూసిన చూపు మాత్రం చట్టంతో పాటు రద్దు కాలేదు.

స్వతంత్ర భారతం కూడా ఈ మనుషుల విషయంలో ఒక్క మాట మీద నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వడ్డెరలు బీసీ-ఏ గ్రూపులో ఉన్నారు. ఆ గ్రూపులోని కులాలన్నిటికీ కలిపి ఉన్న కోటా 7 శాతం. సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే సమూహం భోవి, వడ్డర్ పేర్లతో షెడ్యూల్డ్ కులాల జాబితాలో కనిపిస్తుంది. మహారాష్ట్రలో వడార్ పేరుతో విముక్త జాతుల జాబితాలో ఉంటుంది. చేసే పని, పట్టే పనిముట్టు ఒక్కటే అయినా, రాజ్యాంగ రక్షణ మాత్రం ఏ రాష్ట్రంలో పుట్టారన్న దాన్ని బట్టి మారుతుంది. జాబితా మార్చాలన్న వడ్డెర సంఘాల డిమాండును ఓట్ల కోణంలో కాక ఈ అసమానత కోణంలో చూడాలి.

ఉత్తరాంధ్రలో ఈ పని వడ్డెరల ఒక్కరిదే కాదని కూడా చెప్పుకోవాలి. భూమి లేని దళితులు, వెనుకబడిన కులాల కూలీలు, కొండ గూడేల నుంచి దిగివచ్చే ఆదివాసులు, ఒడిశా వలస కూలీలు గోతుల్లోకి దిగుతున్నారు. గట్టి నేలతో వీరికున్న బంధం కూలి దగ్గర ఆగలేదు. ప్రభుత్వం పేదలకు పంచిన డి-పట్టా భూములు ఎక్కువగా ఎక్కడున్నాయో చూడండి. కాలువ పారే పల్లం ఎప్పుడో ఆసాముల చేతుల్లో స్థిరపడింది. పంచడానికి మిగిలింది గరువు, బంజరు, కొండ వాలు. ఆ నేలను రాళ్లు ఏరి, తవ్వి, మొక్క నాటి సాగులోకి తెచ్చాక, రహదారి వచ్చి ధర పెరిగాక, దాని చుట్టూ వేరొకరి కంచె రాళ్లు లేస్తాయి. ఆ రాళ్లకు గోతులు తవ్వే కూలి కూడా తరచుగా ఆ ఊరి పేదలకే దొరుకుతుంది. తమ చేతి నుంచి జారిన భూమికి తామే సరిహద్దు తవ్వే పరిస్థితిని ‘ఉపాధి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టలేం.

రాయి తెలిసిన చేతులను మరచిపోవడం మనకు కొత్త కాదు. అనకాపల్లికి కొద్ది దూరంలోనే శంకరం గ్రామం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. కొండనే తొలిచి గుహలుగా, ఏకశిలా స్తూపాలుగా మలిచిన బౌద్ధ క్షేత్రమది. గత శతాబ్దం తొలి దశకంలో అక్కడ తవ్వకాలు జరిపిన అలెగ్జాండర్ రీ పేరు మనకు తెలుసు. కొండను తొలిచినవారిలో ఒక్కరి పేరూ తెలియదు. ఆ చేతులు ఫలానా కులానివని వాదించడం నా ఉద్దేశం కాదు. పొర వాలు చదవలేని చేతులు ఆ స్తూపాలను కొండ నుంచి వేరు చేయలేవన్నది మాత్రం స్పష్టం. లెక్కలు రాసిపెట్టిన చోటా పేర్లు రాయలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువు ఎలా ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో శాస్త్రబద్ధంగా చెప్పిన గొప్ప శాసనమది. కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుని వంశాన్ని వివరించింది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల కాలం అని కూడా చెప్పింది. ఆ వెయ్యి మంది అక్కడ బళ్లతో పాటు ఒక అంకె. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట దాకా ఇదే వరస సాగింది.

ఆ చేతుల అవసరం ప్రభుత్వానికి గుర్తుకు వచ్చే సందర్భాలు లేకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నాటి విశాఖపట్నం జిల్లాను కకావికలం చేసినప్పుడు వేల సంఖ్యలో విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. అనకాపల్లి అప్పుడు ఆ జిల్లాలో భాగమే. తాగునీటి మోటారు తిరగాలన్నా, ఆసుపత్రిలో దీపం వెలగాలన్నా ముందు స్తంభం లేవాలి, స్తంభం లేవాలంటే ముందు గొయ్యి కావాలి. ఇతర జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బందిని రప్పించారు, రాత్రింబవళ్లు పని జరిగింది. వెలుగు తిరిగి వచ్చిన రోజు అధికారులకు, ఇంజనీర్లకు, లైన్‌మెన్లకు ప్రశంసలు దక్కాయి. అవి న్యాయమైనవే. ఆ ప్రశంసల జాబితా కాంట్రాక్టు కూలీల దాకా దిగిరాలేదు. తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖ నగరంలో కొంత భాగానికి భూగర్భ కేబుళ్లు వచ్చాయి. పల్లెలు స్తంభాల మీదే ఉన్నాయి. తర్వాతి తుపానుకు మళ్లీ అవే గోతులు తవ్వాలి.

యంత్రాలు వచ్చాయి కదా, ఈ చర్చ ఎందుకని అడిగేవారుంటారు. ట్రాక్టరుకు బిగించే మర మెత్తని నేలలో నిమిషాల్లో గొయ్యి తీస్తుంది. గుండు తగిలితే మర ఆగిపోతుంది, మళ్లీ మనిషి దిగాలి. ట్రాక్టరు ఎక్కని కొండ గూడేలకు స్తంభాన్ని మోసేదీ, గొయ్యి తవ్వేదీ మనుషులే. కంప్రెసరుతో రాయి తొలిచే చోట దాని యజమానికి గంటల లెక్కన అద్దె అందుతుంది. పొడి రాతిదుమ్ము పీల్చే ఊపిరితిత్తులు మాత్రం కూలివాడివి. ఆ దుమ్ము తెచ్చే సిలికోసిస్‌ను మన కార్మిక చట్టాలు వృత్తివ్యాధిగా ఏనాడో గుర్తించాయి. రాజస్థాన్ 2019లో దానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. ఇంకో వైచిత్రి చూడండి. అదే గొయ్యిని మర తీస్తే దాని మీట పట్టిన వ్యక్తి నైపుణ్యం గల కార్మికుడు. చేత్తో తీస్తే నైపుణ్యం లేని కూలి. అంటే మనం నైపుణ్యమని పిలుస్తున్నది పనిలోని తెలివిని కాదు, దాని వెనుక ఉన్న పెట్టుబడిని.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం ఈ గీతను మరో చోట గీసింది. అందులోని 18 వృత్తుల్లో రాళ్లు కొట్టే వృత్తి ఉంది. పనిముట్లకు రూ.15 వేలు, శిక్షణ కాలంలో రోజుకు రూ.500, తక్కువ వడ్డీకి రుణం ఇస్తారు. ఇది ఆహ్వానించదగిందే. మట్టి తవ్వకం మాత్రం ఆ జాబితాలో లేదు. నేల మీద ఉన్న రాయిని పగలగొడితే హస్తకళ, అదే రాయిని నేల లోపల అయిదడుగుల కింద పగలగొడితే వట్టి కూలి! రాతి వడ్డెర, మట్టి వడ్డెర అన్న పాత విభజననే ఈ జాబితా తెలియకుండా తిరగరాసింది.

అయితే జాబితాలో చేర్చితే చాలునా? ఇక్కడ ఒక ప్రమాదముంది, దాన్ని దాటవేయకూడదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం పిల్లలు సగం పూట బడిలో, సగం పూట ఇంటి వృత్తిలో ఉండాలన్న విద్యా పథకాన్ని తెచ్చింది. దాన్ని కులవిద్య పథకమని ద్రావిడ ఉద్యమం ఎండగట్టింది. మరుసటి ఏడాది కామరాజ్ ప్రభుత్వం ఉపసంహరించింది. విశ్వకర్మ పథకంలో కుటుంబ సంప్రదాయ వృత్తి అయి ఉండాలన్న షరతు మీద 2024లో స్టాలిన్ ప్రభుత్వం అదే అభ్యంతరం లేవనెత్తింది. ఆ షరతు లేకుండా 25 వృత్తులతో సొంత పథకం రూపొందించుకుంది. ఈ అనుభవం మనకు దారి చూపుతుంది. గునపం విద్యను గౌరవించడమంటే వడ్డెర బిడ్డను గునపానికి కట్టివేయడం కాదు. తండ్రికి నైపుణ్యపు కూలి అందితేనే కూతురు పనిచోటికి కాక బడికి వెళ్లగలుగుతుంది. వృత్తికి విలువ కట్టడం, వృత్తి నుంచి బయటపడే దారి తెరవడం ఒకదానికొకటి విరుద్ధం కావు. వెల లేని నైపుణ్యమే మనిషిని తరతరాలు అక్కడే ఉంచుతుంది.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. రాతి నేలలో చేతితో తీసే లోతైన, ఇరుకైన గోతులను కనీస వేతనాల ప్రకటనల్లో నైపుణ్యం గల పనిగా విడిగా చేర్చాలి. ఘనపరిమాణంతో పాటు లోతు, ఇరుకు, నేల తరగతి లెక్కలోకి రావాలి. విద్యుత్, రహదారి, కంచె పనుల్లో ఏ గోతికి ఏ తరగతి నేల నమోదైందో పని చోటే బహిరంగంగా రాయాలి. రాయి రేటులోని కూలి భాగం నేరుగా తవ్వినవారి ఖాతాకు చేరాలి. కంప్రెసర్లు, రాతి మరలు కూలీల సహకార సంఘాల సొత్తు కావాలి. దుమ్ము బారిన పడినవారికి పరీక్ష, పరిహారం హక్కుగా దక్కాలి. వృత్తి పథకాల్లో తవ్వకం పని చేరాలి, కులం షరతు లేకుండా చేరాలి.

2027 జనగణనలో కులాన్ని కూడా నమోదు చేయనున్నారు. వడ్డెరలు ఎందరు, ఎక్కడున్నారు అన్న ప్రశ్నకు మొదటిసారి నమ్మదగిన జవాబు దొరకవచ్చు. పక్కనే ఉండే వృత్తి గడిలో ‘కూలి’ అన్న ఒక్క మాట పడితే మాత్రం, పోరుమామిళ్ల శాసనంలోని వెయ్యి మందికీ వీరికీ తేడా ఉండదు. లెక్క రాసేవారు అడగకపోయినా చెప్పేవారు తమ పని పేరు చెప్పాలి. రాతి నేలలో గోతులు తవ్వుతామని, ఆ పని తమకు వచ్చునని రాయించాలి. అలా రాయించుకునే ధైర్యం వారికి కలిగేలా మాట్లాడటం కుల సంఘాల బాధ్యత, చదువుకున్నవారి బాధ్యత కూడా.